సంతకం పెట్టే ముందు: రగ్బీ ఆట



ఈ పాఠం ఒక కాగితంతో మొదలైంది.

మన కేంద్రానికి వచ్చే ఒక అక్క ఉంది. తన పేరు రాయొద్దంది. అందుకని అక్క అనే రాస్తాను. ఒక శుక్రవారం సాయంత్రం అందరికన్నా ముందు వచ్చింది. కొంగు ముడి విప్పి, మడత పెట్టిన కాగితం తీసింది. "నానే సదివాను టీచరమ్మా. ఒక్క మాట కాడ ఆగిపోనాను" అంది.

అది ఆమె కూతురు చదివే బడి నుంచి వచ్చిన కాగితం. పిల్ల ఎనిమిదో తరగతి. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాగితంలో ఇలా ఉంది: "మీ అమ్మాయి మా పాఠశాల రగ్బీ జట్టుకు ఎంపికైనది. మీకు సమ్మతమైనచో కింద సంతకం చేసి సోమవారంలోగా పంపగలరు."

అక్క ఆగిపోయిన మాట 'రగ్బీ'. గ కింద బ వత్తు. మన వాచకంలో ఆ రెండూ కలిసిన మాట ఎక్కడా రాలేదు. ఇద్దరం కూడబలుక్కుని చదివాం. ర, గ్బీ. రగ్బీ.

"సదవడం అయింది. ఇంతకీ అదేటి?" అంది అక్క.

రెండేళ్ల కిందట అయితే ఆమె ఈ మాట అడిగేది కాదు. ఎవరో బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించేవారు. "ఇప్పుడు నా పేరు నానే రాస్తన్నాను కదా. దేనికి రాస్తన్నానో తెలీకుండా ఎలా రాసీది?" అంది. ఇంట్లో మరిది అప్పటికే తేల్చేశాడట. అది మగాళ్లు కుమ్ముకునే ఆట, పళ్లు రాలతాయి, ఆడపిల్లకెందుకు అన్నాడట. పిల్లేమో హాస్టలు నుంచి ఫోను చేసి, "అమ్మా, సంతకం పెట్టి పంపవే" అని ఒకటే పోరు.

నేను ఈ ఆట ఆడలేదు. టీచరు ట్రైనింగులో మాకు నేర్పినవి ఖోఖో, చెడుగుడు. అందుకని ఆ రాత్రి రగ్బీ నియమాలు చదివాను. మర్నాడు కేంద్రంలో అందరికీ చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

బంతి, మైదానం

రగ్బీ అనేది ఇంగ్లండులో ఒక ఊరి పేరు. ఆ ఊళ్లో ఒక పాత బడి ఉంది. ఆ బడి పిల్లలు తమదైన ఒక బంతాట ఆడేవారు. 1845లో ఆ ఆట నియమాలను ఆ పిల్లలే కాగితం మీద పెట్టారు. ఊరి పేరే ఆటకు వచ్చింది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు, కాలితో తన్నాల్సిన బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాడనీ, అలా ఈ ఆట పుట్టిందనీ ఒక కథ చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. అయినా మగవాళ్ల ప్రపంచ కప్పుకి అతని పేరే పెట్టారు. కథ బాగుంటే చాలు కదా!

ఈ ఆటలో బంతి గుండ్రంగా ఉండదు. కోలగా, రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. పొడవు 30 సెంటీమీటర్ల లోపు. అంటే జానెడు మీద నాలుగు వేళ్లు. బరువు అర కిలో కన్నా తక్కువ. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో ఆడేవాళ్లకే తెలియదు. అందుకే రెండు చేతులతో కడుపుకి ఆనించి పట్టుకుంటారు, చంటిపిల్లను పట్టుకున్నట్టు.

పెద్ద మైదానం 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. మన లెక్కలో దాదాపు ఎకరం డెబ్బై మూడు సెంట్లు. రెండు చివరలా ఒక్కో గీత ఉంటుంది. దాన్ని గోలు గీత అంటారు. గీత మీద రెండు ఎత్తైన గుంజలు, వాటి మధ్య పది అడుగుల ఎత్తున ఒక అడ్డకర్ర ఉంటాయి. గీత అవతల ఇంకొంచెం జాగా ఉంటుంది.

ఒక్కో జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. 40 నిమిషాలు ఆడాక విరామం. తర్వాత ఇంకో 40.

బంతిని ఎదుటి జట్టు గీత దాటించాలి. దాటిస్తే సరిపోదు. బంతిని చేత్తో నేలకు ఆనించాలి. దీన్ని 'ట్రై' అంటారు. దీనికి 5 పాయింట్లు. ట్రై అంటే ఇంగ్లీషులో ప్రయత్నం. పూర్వం దీనికి ఒక్క పాయింటు కూడా ఇచ్చేవారు కాదు. బంతిని గుంజల మధ్యకు తన్నే ప్రయత్నం చేసుకోవడానికి అవకాశం మాత్రం ఇచ్చేవారు. పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు కూడా ట్రై తర్వాత ఆ తన్నుడు ఉంది. బంతి అడ్డకర్ర మీదుగా, గుంజల మధ్య నుంచి పోతే ఇంకో 2 పాయింట్లు. ఎదుటివాళ్లు పెద్ద తప్పు చేసినప్పుడు గుంజల మధ్యకు తన్నే అవకాశం వస్తుంది. అది పోతే 3. ఆట నడుస్తుండగా బంతిని నేలకు వదిలి, అది నేలను తాకి లేచేటప్పుడు తన్ని గుంజల మధ్య దాటించినా 3.

వెనక్కి ఇస్తూ ముందుకు పోవడం

ఇక్కడి దాకా అందరూ తలలూపారు. తర్వాతి మాట చెప్పగానే నవ్వారు.

ఈ ఆటలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకు విసరొచ్చు. వెనక్కి విసరొచ్చు. ముందున్న మనిషికి ఇవ్వకూడదు. బంతి పట్టుకున్న మనిషి ముందుకు పరిగెత్తొచ్చు. కాలితో ముందుకు తన్నొచ్చు. అంతే.

"ముందుకి పోవాలంటే వెనక్కి ఇయ్యడమేటి?" అని ఒక పెద్దమ్మ అడిగింది.

చెబితే అర్థం కాలేదు. అందుకని తువ్వాలు గట్టిగా చుట్టి, తాడుతో కట్టి బంతి చేశాం. నలుగురం వాకిట్లో నిలబడ్డాం. ఒకరు ముందు. రెండోవారు ఆమె పక్కన, రెండడుగులు వెనక. మూడోవారు ఇంకో రెండడుగులు వెనక. నాలుగోవారు ఇంకా వెనక. మొత్తం ఏటవాలు గీతలా. అందరం ముందుకు నడవడం మొదలుపెట్టాం. మొదటామెకి ఎవరైనా అడ్డు రాగానే బంతిని రెండో ఆమెకి ఇస్తుంది. రెండో ఆమె నడుస్తూనే ఉంది కాబట్టి, బంతి అందుకుని ముందుకు పోతుంది. ఆమెకి అడ్డు వస్తే మూడో ఆమెకి. బంతి ప్రతిసారీ కొంచెం వెనక్కే పోతోంది. కానీ మనుషులు ముందుకు పోతున్నారు. బంతి గుమ్మం దగ్గర బయలుదేరి చింతచెట్టు దాకా వచ్చేసింది.

రెండోసారి మా పెద్దమ్మ తువ్వాలు జారవిడిచింది. అది ఆమె చేతులకు తగిలి ముందుకు పడింది. ఇది తప్పు. దీన్ని 'నాకాన్' అంటారు. అప్పుడు బంతి ఎదుటి జట్టుకు పోతుంది. "అలా అయితే నాను పనికిరాను" అంది పెద్దమ్మ. పేరున్న ఆటగాళ్లకే ఆటలో ఎన్నోసార్లు ఇలా జారిపోతుంది. పెద్దమ్మకి ఆ మాటే చెప్పాను.

ఈ ఒక్క నియమం వల్ల ఇంకో సంగతి జరుగుతుంది. బంతి పట్టుకున్న మనిషి వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఎంత వేగంగా పరిగెత్తినా, వెనక ఎవరూ రాకపోతే ఆమె చిక్కిపోతుంది.

పట్టుకుని పడెయ్యడం

ఇప్పుడు మరిది మాటకు వద్దాం. కుమ్ముకుంటారా?

బంతి ఉన్న మనిషిని ఎదుటి జట్టువాళ్లు పట్టుకుని కింద పడెయ్యవచ్చు. దీన్ని 'టాకిల్' అంటారు. మన చెడుగుడులో కూతకు వచ్చిన మనిషిని పట్టినట్టే. నిజం దాచను, ఇది గట్టిగానే ఉంటుంది. కానీ ఇష్టం వచ్చినట్టు పట్టడానికి లేదు.

బంతి చేతిలో లేని మనిషిని ముట్టుకోకూడదు. భుజాల పైన, అంటే మెడ మీదగానీ తల మీదగానీ పట్టకూడదు. చేతులు చుట్టి పట్టాలి, భుజంతో గుద్ది వదిలెయ్యకూడదు. కాలు అడ్డం పెట్టి పడెయ్యకూడదు. బంతి కోసం గాల్లోకి ఎగిరిన మనిషిని పట్టకూడదు. ఎత్తి తలకిందులుగా పడెయ్యకూడదు. ఇవన్నీ తప్పులే. పెద్ద తప్పయితే రిఫరీ పసుపు కార్డు చూపిస్తాడు. అప్పుడు ఆ మనిషి 10 నిమిషాలు బయట కూర్చోవాలి. ఇంకా పెద్ద తప్పయితే ఎర్ర కార్డు. బయటికి పంపేస్తారు.

కింద పడ్డ మనిషి బంతిని పట్టుకుని ఉండకూడదు. వెంటనే వదలాలి. పట్టుకున్నవాళ్లు కూడా ఆమెను వదిలెయ్యాలి. అప్పుడు రెండు జట్లవాళ్లూ నిలబడే ఉండి, బంతి మీదుగా ఒకళ్లనొకళ్లు నెడతారు. నెట్టి గెలిచినవాళ్లది బంతి. ఈ గుంపును 'రక్' అంటారు. దూరం నుంచి చూసేవాళ్లకి కొట్లాటలా కనిపించేది ఇదే.

పదిహేను చింతపిక్కలు

ఇప్పుడు మీరూ 15 చింతపిక్కలు తీసుకోండి. నేల మీద పేర్చుకుంటూ చదవండి. మేం అలాగే చేశాం.

ముందు ఒక వరసలో మూడు పిక్కలు పెట్టండి. వాటి వెనక వరసలో నాలుగు. దాని వెనక, మధ్యలో ఒకటి. ఎనిమిది అయ్యాయి. ఈ ఎనిమిది మందినీ 'ఫార్వర్డులు' అంటారు, అంటే ముందువాళ్లు. మిగిలిన ఏడుగురు 'బ్యాకులు', అంటే వెనకవాళ్లు. ఒక్కొక్కరి వీపు మీద ఒక అంకె. అంకె చూస్తే ఆమె పనేమిటో తెలుస్తుంది.

మొదటి వరసలో అటు చివర 1, ఇటు చివర 3. వీళ్లు 'ప్రాప్'లు. ప్రాప్ అంటే ఊతకర్ర. పందిరికి గుంజల్లా జట్టు బరువంతా వీళ్ల మీద ఉంటుంది. బలంగా, బొద్దుగా ఉన్నవాళ్లని ఇక్కడ పెడతారు. మధ్యలో 2 అంకె. ఈమె 'హుకర్'. హుక్ అంటే కొక్కెం. కాలిని కొక్కెంలా వంచి బంతిని వెనక్కి లాగుతుంది.

రెండో వరసలో మధ్య రెండు పిక్కలు 4, 5. వీళ్లు 'లాక్'లు. జట్టులో అందరికన్నా పొడుగైనవాళ్లు. ఆ వరసకే రెండు పక్కల 6, 7. వీళ్లు 'ఫ్లాంకర్'లు. ఎదుటివాళ్లు బంతి తీసుకుని కదిలితే ముందుగా ఉరికి పట్టేది వీళ్లే. ఎక్కువ పరుగు, ఎక్కువ దెబ్బలు వీళ్లకే. చివరన 8. ఈమెకి పేరు లేదు. 'నంబర్ ఎయిట్' అనే పిలుస్తారు.

ఈ ఎనిమిది మంది కలిసి చేసే పెద్ద పని 'స్క్రమ్'. నాకాన్ లాంటి చిన్న తప్పు జరిగినప్పుడు ఆట మళ్లీ మొదలయ్యేది దీనితోనే. మీరు పేర్చిన పిక్కల ఎదురుగా ఇంకో ఎనిమిది పిక్కలు అలాగే పెట్టండి. రెండు జట్ల ముందు వరసలు వంగి, ఒకరి భుజానికి ఒకరు భుజం ఆనించి నిలబడతారు. రిఫరీ మూడు మాటలు చెబుతాడు. వంగండి, పట్టుకోండి, ఆనించండి. అప్పుడే కలవాలి. ముందుగా దూకితే తప్పు. మధ్యలో సొరంగంలా ఖాళీ ఉంటుంది. బంతిని అందులోకి వేస్తారు. అందరూ నెడతారు. హుకర్ కాలితో వెనక్కి లాగుతుంది. బంతి కాళ్ల మధ్య నుంచి నంబర్ ఎయిట్ దగ్గరకు చేరుతుంది. ముందు వరసలో తప్పుగా వంగితే మెడకు ప్రమాదం. అందుకే నేర్చుకోనివాళ్లను ఆ వరసలో నిలబెట్టకూడదని నియమం ఉంది. ఈ వాక్యం కింద అక్క గీత గీసుకుంది.

బంతి పక్క గీత దాటి బయటికి పోతే 'లైనౌట్'. రెండు జట్లవాళ్లు రెండు వరసలుగా నిలబడతారు. మధ్యకు బంతి విసురుతారు, మామూలుగా హుకర్ విసురుతుంది. లాక్‌ను ఇద్దరు మనుషులు గాల్లోకి ఎత్తుతారు. ఆమె అందుకుంటుంది. "అటక మీది కుండ దించడానికి పిల్లను ఎత్తినట్టా?" అంది ఒక చెల్లి. సరిగ్గా అంతే.

ఇక బ్యాకులు. స్క్రమ్ వెనక 9వ పిక్క పెట్టండి. 'స్క్రమ్ హాఫ్'. తరచుగా జట్టులో చిన్న మనిషి ఈమే. బంతిని స్క్రమ్‌లో వేసేది, వెనక నుంచి తీసి బ్యాకులకు అందించేది ఈమె. ఆట అంతా అరుస్తూనే ఉంటుంది, నువ్వు ఇటు, నువ్వు అటు అని. ఆమెకి కొంచెం ఏటవాలుగా 10. 'ఫ్లై హాఫ్'. నేనయితే ఈమెను ఇంటి పెద్దకోడలు అంటాను. బంతి చేతికొచ్చిన క్షణంలో తేల్చుకోవాలి. పక్కకు ఇవ్వాలా, దూరంగా తన్నాలా, తానే పరిగెత్తాలా? తప్పు జరిగితే మాటపడేదీ ఈమే.

ఆమె పక్కన 12, 13. వీళ్లు 'సెంటర్'లు. ఎదుటి వరసను చీల్చుకుని పోవాలి, తమ వరసను ఎవరూ చీల్చకుండా ఆపాలి. అటు చివర 11, ఇటు చివర 14. వీళ్లు 'వింగ్'లు, అంటే రెక్కలు. బాగా పరిగెత్తేవాళ్లు. నలుగురి చేతులు దాటి వచ్చిన బంతిని గీత దాటించేది చాలాసార్లు వీళ్లే. అందరికన్నా వెనక ఒంటరిగా 15. 'ఫుల్ బ్యాక్'. ఎదుటివాళ్లు ఎత్తుగా తన్నిన బంతిని పట్టుకోవాలి. అందర్నీ దాటుకుని ఎవరైనా వస్తే ఆపాలి. ఆమె వెనక ఇంకెవరూ లేరు.

పిక్కలు పేర్చాక అక్క చాలాసేపు వాటినే చూసింది. "మా గుంట బొద్దుగా ఉంటాది. అందరూ ఎక్కిరిస్తారు. ఏ పిక్క అవుతాది?" అంది. నాకు తెలియదు, అది నేర్పేవాళ్లు చూసి చెప్పాలి అన్నాను. కానీ ఒక సంగతి చెప్పాను. అమెరికాలో ఇలోనా మార్ అనే ఆటగత్తె ఉంది. బరువు దాదాపు 90 కిలోలు. 2024లో ఎవరో ఆమె ఒంటి గురించి వెటకారంగా రాశారు. అవును, లెక్క ప్రకారం నా బరువు ఎక్కువే, కానీ ఒలింపిక్సుకి వెళ్లేది నేను, నువ్వు కాదు అని ఆమె జవాబిచ్చింది. ఆ ఏడాది పారిస్ ఒలింపిక్సులో ఆమె జట్టుకు కాంస్య పతకం వచ్చింది.

ఏడుగురి ఆట

ఇదే ఆటను ఏడుగురితో కూడా ఆడతారు. 1883లో స్కాట్లండులోని మెల్రోస్ అనే ఊళ్లో ఇది మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో నెడ్ హేగ్ అనే ఆయన మాంసం కొట్టులో పనివాడు. ఊరి క్లబ్బుకి డబ్బు కావాలి. ఒక్క రోజులో చాలా జట్లు ఆడాలంటే 15 మంది ఆట కుదరదు. అందుకని మనుషుల్ని తగ్గించారు.

మైదానం అదే. మనుషులు సగం కన్నా తక్కువ. అందుకని ఖాళీ ఎక్కువ, పరుగు ఎక్కువ. 7 నిమిషాలు, మళ్లీ 7 నిమిషాలు, అంతే ఆట. స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు. ఒలింపిక్సులో 2016 నుంచి ఆడేది ఈ ఏడుగురి ఆటే. 2025లో మన దేశంలో మగవాళ్లకు రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు. అందులో హైదరాబాద్ హీరోస్ అని ఒక జట్టు ఉంది. అదీ ఏడుగురి ఆటే.

చిన్నపిల్లలకు ఇంకో రకం ఉంది. నడుముకు రెండు పట్టీలు వేలాడదీస్తారు. బంతి ఉన్న పిల్ల పట్టీని లాగేస్తే పట్టుకున్నట్టే లెక్క. కింద పడెయ్యడం ఉండదు.

ఆడపిల్లలు ఆడతారా?

1887. ఐర్లండులో ఎన్నిస్కిల్లెన్ అనే ఊరు. అక్కడి పోర్టోరా బడిలో ఎమిలీ వాలెంటైన్ అనే పదేళ్ల పిల్ల ఉండేది. ఆమె అన్నదమ్ములు రగ్బీ ఆడేవారు. ఆమె గట్టున నిలబడి చూసేది. ఒక రోజు జట్టులో మనిషి తక్కువయ్యాడు. ఎమిలీని పిలిచారు. ఆమె పైకోటు, టోపీ తీసి పక్కన పెట్టి మైదానంలోకి దిగింది. బంతి పట్టుకుని పరిగెత్తి ట్రై చేసింది. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది? పెద్దయ్యాక ఆమె తన చేత్తో నోటు పుస్తకంలో రాసుకుంది. రాయకపోయి ఉంటే ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు.

ఆడవాళ్ల మొదటి ప్రపంచ కప్పు 1991లో వేల్స్ దేశంలో జరిగింది. 12 జట్లు వచ్చాయి. చివరి ఆటలో అమెరికా 19, ఇంగ్లండు 6. 2025 సెప్టెంబరు 27న లండన్లో మరో ప్రపంచ కప్పు చివరి ఆట జరిగింది. ఇంగ్లండు ఆడవాళ్లు కెనడా మీద 33-13తో గెలిచారు. ఆ రోజు మైదానంలో కూర్చుని చూసినవాళ్లు 81,885 మంది.

మన దేశం సంగతి. 15 మంది ఆటలో మన ఆడవాళ్ల జట్టు మొదటి అంతర్జాతీయ విజయం 2019 జూన్‌లో వచ్చింది. ఫిలిప్పీన్స్ దేశంలో, మనీలాలో. సింగపూర్ మీద 21-19తో గెలిచారు. అంటే రెండే పాయింట్ల తేడా. ఆట ముగియబోతుండగా గుంజల మధ్యకు బంతి తన్ని గెలిపించిన పిల్ల సుమిత్రా నాయక్. మన పక్క రాష్ట్రం ఒడిశా. భువనేశ్వర్‌లో గిరిజన పిల్లల కోసం ఉన్న కిస్ అనే హాస్టలు బడిలో చదువుకుంది.

"అయితే ఆళ్లమ్మ కూడా సంతకం పెట్టే ఉంటాది" అంది అక్క.

దెబ్బల మాట

అక్క అసలు భయం ఇది. సూటిగానే చెప్పాను.

దెబ్బలు తగులుతాయి. చర్మం గీరుకుపోవడం, మడమ బెణకడం మామూలు. భుజం, మోకాలు, వేళ్లకు దెబ్బలు తగులుతాయి. ఒక్కోసారి ఎముక విరగొచ్చు. పళ్లు రాలతాయన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే పళ్లకు రబ్బరు లాంటి తొడుగు వేసుకుంటారు. దాన్ని 'మౌత్ గార్డ్' అంటారు. అది లేకుండా పిల్లను దింపకూడదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తలకు తగిలేది. పైకి గాయం కనపడదు. స్పృహ తప్పకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, చూపు మసకబారడం, తడబడుతూ నడవడం, అడిగిందే మళ్లీ అడగడం, ఏ రోజో గుర్తు లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆట ఆపించాలి. అనుమానం ఉన్నా ఆపించాలి. ఆ రోజు మళ్లీ దింపకూడదు. డాక్టరు చూడాలి. పూర్తిగా తగ్గి, డాక్టరు సరేనన్నాక, మెల్లగా మొదలుపెట్టాలి. పిల్లలు ఆట మీద ఆశతో "నాకేం కాలేదు" అంటారు. ఆ మాట నమ్మకూడదు.

పట్టడం, పడడం నేర్పకుండా ఆటలోకి దింపడం తప్పు. ఎలా పడాలో, పట్టేటప్పుడు తల ఎటు పెట్టాలో ముందు నేర్పాలి. గడ్డి ఉన్న నేల కావాలి. రాళ్లు తేలిన నేల మీద ఈ ఆట ఆడించకూడదు.

ఒక అక్క గొంతు తగ్గించి అడిగింది, నెలసరి రోజుల్లో ఎలా అని. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, దానివల్ల చెడు లేదు. నొప్పి ఉంటే, ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి నేర్పేవాళ్లలో ఒక ఆడమనిషి ఉంటే మంచిది.

అక్క రాసిన ఉత్తరం

ఇంత విన్నాక కూడా అక్క సంతకం పెట్టలేదు. నేను పెట్టమనలేదు. "ఇవన్నీ ఆ బడిలో ఉన్నాయో లేదో నాకేటి తెలుస్తాది? అడుగుతాను" అంది. పలక పక్కన పెట్టి కాగితం తీసుకుంది. ఒక గంట పట్టింది. తప్పులు నేను దిద్దలేదు, రెండు వత్తులు మాత్రం చెప్పాను.

"ఆటల మేడం గారికి నమస్కారం. మా పాప ఏడుగురి ఆట ఆడుతుందా పదిహేను మంది ఆట ఆడుతుందా. పళ్ల తొడుగు మీరు ఇస్తారా మేము కొనాలా. నేల మీద గడ్డి ఉందా. పడడం ఎవరు నేర్పుతారు. తలకి దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, నాకు ఎవరు చెప్తారు. జవాబు చెప్పగలరు."

ఆదివారం అమ్మానాన్నలు హాస్టలుకు వచ్చే రోజు. ఉత్తరం తనే పట్టుకెళ్లింది. సోమవారం సాయంత్రం వచ్చి అంతా చెప్పింది. ఆటల మేడం ఉత్తరం రెండుసార్లు చదివిందట. ఏడుగురి ఆటే అంది. తొడుగుల డబ్బా తెచ్చి చూపించింది. మైదానానికి తీసుకెళ్లింది. ఒక వైపు గడ్డి ఉంది, ఇంకో వైపు లేదు. "ఇటు ఆడించకండి" అని అక్క అక్కడే చెప్పింది. ఆసుపత్రి మాట దగ్గర మేడం తడుముకుంది. అది ఎవరూ అనుకోలేదట. "అది తెలుసుకుని సెప్పండి. నాను ఇక్కడే కూకుంటాను" అని అక్క వరండాలో కూర్చుంది. గంట తర్వాత మేడం, పెద్ద మేడం కలిసి వచ్చారు. ఆసుపత్రి పేరు, బండి ఎవరిదో, ఎవరు ఫోను చేస్తారో కాగితం మీద రాసి ఇచ్చారు. అక్క కూడబలుక్కుని చదివింది. తర్వాత సంతకం పెట్టింది.

సంతకం గడిలో పట్టలేదట. గీత దాటి పక్క పిల్ల పేరు మీదకు పోయింది. "అమ్మా, ఇంత పెద్ద అచ్చరాలేటి!" అని కూతురు నవ్విందట.

చదవండి, చేయండి

ఈ మాటలు రెండుసార్లు రాయండి: రగ్బీ, మైదానం, స్క్రమ్, ఫ్లాంకర్, ఎంపిక, సమ్మతం.

15 చింతపిక్కలు పేర్చి, 2, 10, 15 అంకెల మనుషులు ఏం చేస్తారో పక్కనున్న వారికి చెప్పండి.

ఒక జట్టు రెండు ట్రైలు చేసింది. ఒక ట్రై తర్వాత బంతి గుంజల మధ్య నుంచి పోయింది. ఇంకోదాని తర్వాత పోలేదు. మొత్తం ఎన్ని పాయింట్లు?

అక్క ఉత్తరంలో అయిదు సంగతులు అడిగింది. మీరైతే ఇంకేం అడుగుతారు? ఒక వాక్యం రాయండి.